కురవని రోజు, రాయని రోజు

మనకు కావలసింది ఎప్పుడూ గుప్పెడే. ఇంటికి వచ్చేది మాత్రం బస్తా. ధనియాలైనా అంతే, బంధువుల కబుర్లైనా అంతే. చాటలో పోసి చెరిగి, ఏరి, కావలసినంత డబ్బాలోకి ఎత్తుకునే విద్య ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. కాని కంప్యూటర్లో ఈ చెరుగుడే ఒక శాస్త్రమని నాకు ఈమధ్య దాకా తెలీదు.

మావారికో నమ్మకం ఉంది. తమ చిన్నతనంలో మృగశిర కార్తె ప్రవేశించిందంటే వాన పడి తీరేదట. ఇప్పుడు వానలకి కూడా క్రమశిక్షణ పోయిందట. ఏటా జూన్ 7నో 8నో ఆకాశం కేసి చూసి ఆయన ఈ మాట అనడం, నేను పోపు వేస్తూ "ఊఁ" కొట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఈ ఏడు ఆ మాట మా కోడలి చెవిన పడింది. ఆ అమ్మాయిది కంప్యూటరు ఉద్యోగం. "లెక్కలున్నాయి కదా మావయ్యగారూ, తీసి చూద్దాం" అంది.

అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా, 180 దేశాలు, ప్రాంతాల్లోని లక్షకు పైగా కేంద్రాల రోజువారీ లెక్కలు పోగుచేసి అందరికీ ఉచితంగా ఇస్తోంది. మన దేశపు కేంద్రాలూ అందులో ఉన్నాయి. ఒక్క కేంద్రం ఫైలు తెరిచేసరికే నాకు కళ్ళు తిరిగాయి. అంకెల పక్కన అంకెలు, కామా లేదు, గీత లేదు. వరుసకి 269 అక్షరాలు. ఒక్కో వరుసలో ఒక నెల, ఒక అంశం. మొదటి 11 అక్షరాలు కేంద్రం గుర్తు. 12 నుంచి 15 దాకా సంవత్సరం. 16, 17 నెల. తరవాత నాలుగక్షరాలు అది వాన లెక్కో, ఎండ లెక్కో చెబుతాయి. అక్కణ్ణించి 31 రోజులకీ రోజుకి ఎనిమిదేసి అక్షరాల చోటు.

ఇంత సంతలో మాకు కావలసింది జూన్ నెల వాన. అంతే.

నేనైతే మొదటి వరుస చూసి, జూన్ కాదు తోసెయ్, రెండోది చూసి, వాన కాదు తోసెయ్ అనుకుంటూ వెళ్ళేదాన్ని. చాలా ప్రోగ్రాములూ అలాగే వెళతాయట. మా కోడలు వాడే భాష వేరు. దాని పేరు జె. పేరు మొత్తం ఒక్క అక్షరమే! కెనడాలో 1920లో పుట్టిన కెన్నెత్ ఐవర్సన్ అనే ఆయన 1962లో 'ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అని పుస్తకం రాశాడు. ఆ పేరులోని మొదటి అక్షరాలతోనే ఏపీఎల్ అనే భాష వెలిసింది. 1979లో ఆయనకి ట్యూరింగ్ బహుమతి ఇచ్చారు. అయితే ఏపీఎల్‌కి వింత వింత గుర్తులు కావాలి. ఆ బాధ లేకుండా మామూలు కీబోర్డుతోనే సరిపోయేలా, రోజర్ హుయితో కలిసి 1990లో ఈ జె భాషని తీసుకొచ్చాడు. ఒక్కొక్కదాన్నీ పట్టుకోకు, మొత్తాన్ని ఒకేసారి పట్టుకో అన్నది ఈ భాషల పద్ధతి.

"అత్తయ్యా, ఫైలంతా ఒకే పొడుగాటి చీర అనుకోండి" అంది కోడలు. "వరుస చివర కంటికి కనపడని అక్షరం ఇంకోటుంటుంది. దాంతో కలిపి 270. సరిగ్గా 270కి ఒక కుచ్చిళ్ళ మడత పెడితే ఏమవుతుంది?"

ఏమవుతుందో నాకు చెప్పాలా? కుచ్చిళ్ళు సమంగా కుదిరితే అంచు మీద అంచు, పువ్వు మీద పువ్వు పడతాయి. నెలలన్నీ ఒకే నిలువు గీతలో, సంవత్సరాలన్నీ ఒకే గీతలో నిలబడ్డాయి. ఫైలు మరీ పెద్దదై ముక్కలుగా తీసుకోవలసి వస్తే, ఆ ముక్క 270 గుణిజంలోనే ఉండాలట. లేకపోతే మడత మధ్యలో కత్తెర పడుతుంది.

ఇక నెలల గీతనంతా ఒక్కసారిగా "నువ్వు జూన్‌వేనా?" అని అడిగింది. ప్రతి వరుసా ఒకటో, సున్నో జవాబు చెప్పింది. "వానవేనా?" అని ఇంకో ప్రశ్న. మళ్ళీ ఒకట్లు, సున్నాలు. రెంటినీ గుణిస్తే, రెండిటికీ అవునన్నవే ఒకట్లుగా మిగిలాయి. ఒకటి ఉన్న వరుస ఉండిపోతుంది, సున్నా ఉన్నది రాలిపోతుంది. జల్లెడ ఒక్క ఊపు ఊపినట్టు!

అయితే జల్లెడలో మిగిలినదంతా గింజ కాదు. చాలా రోజుల దగ్గర సున్నా ఉంది. కొన్నిటి దగ్గర మైనస్ 9999 ఉంది. ఫైలుతో ఇచ్చిన వివరణ కోడలు ముందే చదివిపెట్టింది కనక సరిపోయింది. సున్నా అంటే వాన పడలేదని. మైనస్ 9999 అంటే ఆ రోజు లెక్క లేదని. జూన్‌కి లేని 31వ తారీకు గడిలోనూ అదే వేస్తారు. వానని మిల్లీమీటరులో పదోవంతులుగా రాస్తారు కనక, తెలియక ఒక్క పది రోజుల లెక్కలేనితనాన్ని కూడితే, ఆ నెలలో పది మీటర్ల నీళ్ళు నేల మీంచి ఆకాశానికి ఎగిరిపోయినట్టు తేలుతుంది! పోనీ వాటిని సున్నాలు చేసేస్తేనో? అది ఇంకా ప్రమాదం. మొదటిది చూస్తే నవ్వొస్తుంది, తప్పని తెలుస్తుంది. రెండోది నిజంలాగే ఉంటుంది.

నాకు మా ఇంటి పాల కేలండరు గుర్తొచ్చింది. నేను పురిటికి పుట్టింటికి వెళ్ళిన నెలల్లో గడులన్నీ ఖాళీ. అన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ కాఫీ తాగలేదనా అర్థం? రాసే చెయ్యి లేదు, అంతే. మా అమ్మ సంగతీ అంతే. ఆవిడ డైరీ రాయలేదు, జీతం అందుకోలేదు, ఏ రిజిస్టర్లోనూ సంతకం చెయ్యలేదు. ఆవిడ రోజుల గురించి నా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. 'మీ అమ్మగారు ఏం చేసేవారు?' అని ఎవరైనా అడిగితే 'ఏమీ లేదు, ఇంట్లోనే' అంటూ వచ్చాం అందరం. రాయని గడిలో ఎంత సులువుగా సున్నా వేసేస్తామో!

ఆ రాత్రి కోడలు జూన్ లెక్కలన్నీ అచ్చువేసి ఇచ్చింది. లెక్క దొరకని రోజుల గడులు తెల్లగా వదిలేసింది. మావారు కళ్ళజోడు సవరించుకుని, తన చిన్ననాటి సంవత్సరాలు వెతుక్కున్నారు. అక్కడక్కడా తెలుపే కనిపించింది.

"చూశావా, ఇక్కడేమీ లేదు. అంటే ఆ రోజుల్లో వాన పడలేదనేగా మీ కంప్యూటరు అనేది?" అన్నారు నీరసంగా.

"పడలేదని కాదండీ" అన్నాను. "ఎవరూ రాయలేదని."

ఆయన కాసేపు ఆ తెల్లగడుల మీద వేలు పెట్టుకుని కూచున్నారు. తరవాత, ఆ వానల్లో తాము బడికి ఎలా వెళ్ళేవారో చెప్పడం మొదలుపెట్టారు. ఈసారి నేను "ఊఁ" కొట్టి ఊరుకోలేదు. పక్కన కూచుని విన్నాను.