తొమ్మిది సీట్ల విమానం, రెండు భుజాల డోలీ

 

మన ఏజెన్సీని ఆనుకునే ఒడిశా కొరాపుట్ జిల్లా ఉంది. అక్కడ జయపురంలోని చిన్న ఎయిర్‌పోర్టు నుంచి 2022లో ఉడాన్ పథకం కింద విశాఖకు విమానం మొదలైంది. తొమ్మిది సీట్ల సెస్నా. ఘాట్ రోడ్డులో పూటంతా పట్టే దారి అది.

సంతోషమే. కానీ మన కొండల మీది ఊళ్లలో నొప్పులొచ్చిన ఆడబిడ్డను ఇప్పటికీ డోలీలోనే దించుతున్నాం. కర్ర మోసేది మనమే, వాగు దగ్గర భుజం మార్చుకునేదీ మనమే.

విమానం వద్దనట్లేదు. అలస్కాలో రోడ్డే లేని ఆదివాసీ ఊళ్లకు రోగుల్నీ, మందుల్నీ, సరుకుల్నీ మోసేది చిన్న విమానాలే. వాళ్లకు రన్‌వేనే ఊరి దారి. మనకు కావాల్సిన దారి అంబులెన్స్ గుమ్మం దాకా వచ్చే రోడ్డు. వచ్చే గ్రామసభలో ముందు అదే తీర్మానం రాయిద్దాం. సంతకాలు మనతోనే మొదలవ్వాలి.