ముల్లు టైర్లోనే ఉంది

రాహుకాలానికీ సైకిలు పంచరుకూ ఏదో లంకె ఉందని నేను చాలాకాలం నమ్మాను. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకు గాని రాదు. నా టైరు మాత్రం పొద్దున ఆరున్నరకే చప్పబడేది. అయినా నా నమ్మకం సడలలేదు. రాహువు కాకపోతే ఎదురొచ్చిన పిల్లి. పిల్లి కాకపోతే బయల్దేరబోతుండగా పక్కింటాయన తుమ్మిన తుమ్ము. కారణం వెతికే ఓపిక మనిషికి లేనప్పుడు గ్రహాలు చేసే ఉపకారం ఇంతా అంతా కాదు.

మేముండేది ఒంగోల్లో. మా అమ్మ కొత్తపట్నం దారిలో పన్నెండు కిలోమీటర్ల అవతల, మా పాత ఇంట్లో ఉంటుంది. వచ్చి మా దగ్గర ఉండమంటే, "మీ మేడమీద నాకు ఊపిరాడదురా నాయనా" అంటుంది. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే నేనే వెళ్ళి, ఆమెతో కలిసి టిఫిను తిని వస్తుంటాను. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి తాను తొక్కడం మానేసిన రోడ్డు బైకును నాకు పంపించాక, ఈ ప్రయాణం బస్సు మీదనుంచి సైకిలు మీదికి మారింది. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలూ, బొటనవేలంత టైర్లూనూ. చూసినవాళ్ళు "ఈ వయసులో ఇదేం సోకండీ!" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు బాగానే ఉండేది.

ఆ ఆదివారం ఆరింటికి బయల్దేరాను. నాలుగు కిలోమీటర్లు పోయేసరికి వెనక చక్రం మెత్తబడింది. సర్కారు తుమ్మ పక్కన సైకిలు పడుకోబెట్టి, పాత ట్యూబు తీసి కొత్తది వేసి, ఆయాసపడుతూ గాలి కొట్టాను. రెండు కిలోమీటర్లు కదిలానో లేదో, మళ్ళీ అదే కథ. సంచిలో ఉన్న రెండో ట్యూబు కూడా వేశాను. అది అరకిలోమీటరైనా రాలేదు. సరే, అతుకు వేద్దామని సొల్యూషను గొట్టం తీస్తే, ఎప్పుడో మూతి తెరిచింది కాబట్టి, లోపల అంతా ఎండిపోయి ఉంది. ఒకటి రెండు ఆటోలు వచ్చాయి గాని, మనుషులకే చోటు లేదు. అమ్మకు ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఫోను గదిలో బీరువా మీద ఉంటుంది. అమ్మ వీధి అరుగు మీద ఉంటుంది.

సైకిలు నడిపించుకుంటూ ఇల్లు చేరేసరికి తొమ్మిది కావస్తోంది. అమ్మ అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూచుని ఉంది. నుదుటినిండా చెమట. చేతులు వణుకుతున్నాయి. "ఏడింటికల్లా వచ్చేస్తావు గదా అని షుగరు మాత్ర వేసుకున్నానురా. నువ్వు రాకుండా ఎట్లా తినేదీ?" అంది, మాట తడబడుతోంది. పరుగున పోయి నీళ్ళలో పంచదార కలిపి తాగించాను. పావుగంటకు తేరుకుంది. తేరుకోగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఎండలో నడిచొచ్చావా?" అని.

నేను సాయంత్రం తిరిగి వచ్చేలోగా ఎవరో పిల్లాడిచేత ఒక నిమ్మకాయ తెప్పించి, నల్లదారంతో హ్యాండిలుకు కట్టించింది.

మర్నాడు మా వీధి చివర సైకిలు షాపు సాయిబు గారి దగ్గరికి వెళ్ళాను. డెబ్భై ఏళ్ళ మనిషి. మూడు పంచర్ల సంగతీ విని, నిమ్మకాయకేసి ఒకసారి చూసి, ఏమీ అనలేదు. టైరు ఊడదీసి, గుప్పెడు దూది తీసుకుని, లోపలివైపు మెల్లగా చుట్టూ తిప్పాడు. ఒకచోట దూది పట్టుకుంది. టైరు వంచి, పట్టకారుతో లాగి నా అరచేతిలో పెట్టాడు. తుమ్మముల్లు కొస. బియ్యపు గింజలో సగం ఉంటుంది.

"ట్యూబుకు జబ్బేం లేదు బాబూ. ముల్లు టైర్లోనే ఉంది. దాన్ని లోపల పెట్టుకుని ఎన్ని ట్యూబులు మారిస్తే ఏం లాభం?"

నాకు చెంపమీద కొట్టినట్టయింది. ముగ్గురు గ్రహాలను తిట్టాను గాని, ఒక్కసారి టైర్లోకి తొంగిచూడలేదు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకూ మా అమ్మ చేతుల వణుకు ఖరీదు.

ఆ రోజు ఆయన దగ్గర గంటసేపు కూచుని నేర్చుకున్నవీ, తరవాత తెలుసుకున్నవీ మీకూ పనికిరావచ్చు. టైరు మీద పేరు అచ్చువేసిన చోటును వాల్వు పక్కకే వచ్చేట్టు తొడగాలి. అప్పుడు ట్యూబులో చిల్లి ఎక్కడుందో చూస్తే, టైర్లో దొంగ ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. చిల్లి బయటివైపు ఉంటే తప్పు రోడ్డుది. లోపలివైపు ఉంటే రిమ్ము పట్టీ జరిగి చువ్వల బెజ్జం ట్యూబును కోస్తోందన్నమాట. పాము కాటులా పక్కపక్కనే రెండు గాట్లుంటే మాత్రం తప్పు మనదే. గాలి తక్కువై, గుంటలో పడ్డప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగింది.

గాలి ఎంత ఉండాలంటారా? టైరు పక్కన రాసి ఉండేది అంతకు మించరాదని చెప్పే హద్దు. అంతా కొట్టమని కాదు. నా బరువు 70 కిలోలు. 28 మిల్లీమీటర్ల టైరుకు వెనక చదరపు అంగుళానికి 75 పౌండ్లు, ముందు ఐదు తక్కువ పెడుతున్నాను. ట్యూబుకు చిల్లి లేకపోయినా గాలి రబ్బరులోంచి కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది. వారానికొకసారైనా చూసుకోకపోతే లాభం లేదు.

నా పాత టైర్లు 23 మిల్లీమీటర్లవి, పందేల కోసం చేసినవి. వాటి స్థానే ఫ్రేములో పట్టినంత వెడల్పుగా 28వి వేయించాను. వెడల్పు పెరిగితే తక్కువ గాలితోనే అదే బరువు మోస్తుంది, గుంటల్లో నలగదు. కొనేటప్పుడు చూడవలసింది పైరబ్బరు మందమూ, దాని కింద ముల్లును అడ్డుకునే పట్టీ ఉందా లేదా అన్నదీ. మంచివాటిలో ఆ పట్టీని అరామిడ్ దారంతో నేస్తారు. కెవ్లార్ అనే పేరుతో వచ్చిన ఆ దారాన్ని 1965లో స్టెఫనీ క్వోలెక్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త కనిపెట్టింది. తూటాలు ఆపే చొక్కాల్లో వాడేదీ అదే. అంగుళానికి దారాలెక్కువుంటే గట్టిదనుకుంటారు గాని, దారాలు పెరిగేకొద్దీ సన్నబడతాయి. మెత్తగా పరిగెత్తడానికి అవి బాగు; మన ముళ్ళదారికి 60 దారాల మోటు నేతే మేలు. మరొక్క జాగ్రత్త: మన పాత పెద్ద సైకిలు టైరునూ 28 అంగుళాలదనే అంటారు, దీన్నీ అంటారు. కాని దాని లోపలి కొలత 635 మిల్లీమీటర్లు, దీనిది 622. పేరు చూసి కొంటే ఇంటికొచ్చాక పట్టదు.

ఎంత మంచి టైరైనా, కళ్ళు మూసుకు తొక్కితే ఏం చేస్తుంది? పల్లేరుకాయ ఎట్లా పడ్డా ఒక ముల్లు ఆకాశం చూస్తూనే ఉంటుంది. అందుకని తారు దిగి గడ్డి అంచుకు పోను. పేలిన లారీ టైర్ల సన్నని ఉక్కు తీగలు హైవే పక్కనే పోగవుతాయి. అక్కడ మరీ జాగ్రత్త. ఇంటికి రాగానే తడిగుడ్డతో టైర్లు తుడిచి, గుచ్చుకున్నవేమైనా ఉంటే పీకేస్తాను. గుచ్చుకున్న ముల్లు ఆ రోజే లోపలికి దిగకపోవచ్చు. చక్రం తిరిగినకొద్దీ కొంచెం కొంచెంగా దిగుతుంది. సంచిలో మూతి తెరవని సొల్యూషను ఒకటి, మడిచిన పదిరూపాయల నోటు ఒకటి ఉంటాయి. టైరు చీలితే ఆ నోటు లోపల అడ్డం పెట్టి ఇల్లు చేరవచ్చు.

బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు, తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించడానికి గాలి టైరు తయారుచేసి, 1888లో పేటెంటు తీసుకున్నాడట. ఇంట్లోవాళ్ళ సుఖం కోరి పుట్టిన వస్తువు అది. నేను మాత్రం చాలా రోజులు సోకు కోసమే తొక్కాను.

అమ్మ ఇప్పుడు ముందు తిని తరవాతే మాత్ర వేసుకుంటానని ఒప్పుకుంది. ఫోను కొంగున కట్టుకున్నంత దగ్గరగా ఉంచుకుంటోంది. నా కోసం ఎదురుచూడొద్దన్న మాట ఒక్కటీ వినదు. నేను అరుగు దగ్గర దిగగానే వంగి, వెనక టైరును బొటనవేలితో నొక్కి చూస్తుంది. "గట్టిగానే ఉందిరా" అంటుంది. అప్పుడు గాని లోపలికెళ్ళి ఇడ్లీలు పెట్టదు.

నిమ్మకాయ ఎండిపోయింది. తీసెయ్యడానికి నాకు చేతులు రాలేదు.