తడబాటు వెల

ప్రేక్షకుడు దేనికి నవ్వుతున్నాడన్నదే నా ప్రశ్న. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మర్డర్‌విల్’ ఆరు భాగాల అమెరికన్ హాస్య ధారావాహిక. డిటెక్టివ్‌గా విల్ ఆర్నెట్; భాగానికొక ప్రసిద్ధుడు అతిథి. తక్కిన నటులకు కథ తెలుసు, అతిథికి తెలియదు. చివరికి హంతకుడెవరో చెప్పవలసింది మాత్రం అతడే.

భావనపాడులో నాతో కూర్చుని చూసిన కుర్రవాళ్ళకు హంతకుడి గొడవే పట్టలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు మార్షాన్ లించ్ మాటకు మాట విసురుతుంటే విరగబడి నవ్వారు. పేరున్నవాడు తెల్లబోతే మరీ నవ్వారు. నాకా నవ్వు నచ్చింది. రాసిచ్చిన మాటలు లేకపోతే గొప్పవాడూ మనవంటివాడేనని అది పసిగట్టింది. కాని అతిథి తప్పు చెప్పినా అతనికి పోయేదేమీ లేదు. అక్కడ తడబాటుకే చప్పట్లు.

తూర్పు భాగవతం రాత్రులెరిగిన పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. “మాధవి వేషం కట్టినోడూ అప్పటికప్పుడే మాటలల్లేవోడు గదా బాబూ! జనం నవ్వకపోతే మరుసటేడు పిలుపు లేదు” అన్నాడు.