సంతకం చాలని చోట

జూన్ 9, నిమ్మనపల్లె

కాలేజీ తెరిచేలోగా ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం మళ్లీ రాసుకుంటున్నాను. మొదటి పేజీలోనే ఈ మాట ఉండాలి: యూనిక్స్‌లో ఫైలు ఎవరిదైతే, దాన్ని ఎవరు చదవచ్చో ఎవరు మార్చవచ్చో చెప్పే హక్కూ వాళ్లదే. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ నేను నడిపే ప్రతి ప్రోగ్రామూ నా పేరు మీదే నడుస్తుంది. అది ఏం అడిగినా, సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ లెక్కలో నేను అడిగినట్టే. ఎక్కడినుంచో దించుకున్న ఫొటోల ప్రోగ్రాము నా ఉత్తరాలు తెరిచినా, నేనే తెరిచానని కెర్నల్ అనుకుంటుంది. ఇక అన్ని హక్కులూ ఉన్న రూట్ పేరు మీద నడిచే ప్రోగ్రాము ఒకటి లొంగిపోతే అడ్డన్నదే లేదు.

జూన్ 10

చిన్నాయన డీకేటీ పట్టా, పాసుపుస్తకం పట్టుకుని వచ్చినాడు. పట్టా వచ్చి ఇంకా 20 ఏళ్లు నిండలేదు. "పేరు నాది, సేద్యం నాది. అమ్ముతానని నేను సంతకం పెడతానంటే రిజిస్టర్ ఎందుకు కాదప్పా?" అని అడిగినాడు.

1977 చట్టం గురించి చెప్పాను. భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఇలాంటి డీకేటీ భూమిని అమ్మడానికీ కొనడానికీ లేదన్నది ఆ చట్టం. ఆ సర్వే నంబరు నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఉంటే, వచ్చింది అసలు పట్టాదారే అయినా, మనస్ఫూర్తిగా సంతకం పెడుతున్నా, రిజిస్ట్రారు దస్తావేజు తీసుకోడు. జాబితా రాసేది ఆయన కాదు, దాన్ని అమలు చేయడం వరకే ఆయన పని. ఎందుకిట్లా? కరువు సంవత్సరంలో అప్పిచ్చినవాడు ఎదురుగా కూర్చుంటే, పెట్టే సంతకం ఎవరి ఇష్టమో బయటివాళ్లకు తెలియదు. అందుకే చట్టం సంతకాన్ని కాదు, సర్వే నంబరును చూస్తుంది.

చిన్నాయనకు ఈ జవాబు నచ్చలేదు. ఆయన అవసరం ఆయనది. నాకు మాత్రం పాఠానికి పోలిక దొరికింది. కెర్నల్‌లో మ్యాండేటరీ యాక్సెస్ కంట్రోల్ చేసేది సరిగ్గా ఇదే: యజమాని ఒప్పుకున్నా సరే, వస్తువు మీది లేబుల్ చూసి కాదనడం.

జూన్ 12

లైనక్స్ లోపల ఇది ఎట్లా నడుస్తుందో వరసగా రాసిపెట్టుకోవాలి.

ప్రోగ్రాము ఫైలు తెరవమంటుంది. కెర్నల్ ముందు పాత పద్ధతిలోనే యజమాని ఇచ్చిన అనుమతులు చూస్తుంది. అక్కడే కాదంటే కథ అయిపోయింది. సరేనంటే, తెరిచేముందు ఇంకొక గడప ఉంది. లైనక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్ వాళ్లు కెర్నల్ దారుల్లో అక్కడక్కడా పెట్టిన హుక్ అది. ఫైలు తెరిచేచోట, సాకెట్ కట్టేచోట, కొత్త ప్రోగ్రాము మొదలయ్యేచోట, అన్నిచోట్లా ఉంది. ముందు దొరికిన అనుమతిని ఈ హుక్ ఆపగలదు. ముందు కాదన్నదాన్ని ఔననలేదు.

హుక్‌లో ఎస్‌ఈలైనక్స్ అనే మాడ్యూల్ కూర్చుని ఉంటే దానికి కావలసినవి నాలుగే: అడుగుతున్న ప్రాసెస్ లేబుల్, ఫైలు లేబుల్, అది ఏ రకం వస్తువు, దానితో చేయబోయే పని. ఫైలు లేబుల్ దాని పక్కనే డిస్కు మీద రాసి ఉంటుంది. ఈ నాలుగింటికీ సరిపడే అనుమతి, ముందే రాసిపెట్టిన నియమాల పట్టీ అయిన పాలసీలో ఉంటే పోనిస్తుంది. లేకపోతే, ఎవరూ వద్దని ప్రత్యేకంగా రాయకపోయినా, లేదనే చెబుతుంది. ప్రతిసారీ పాలసీ అంతా వెతికితే మిషను కుంటుపడుతుంది కాబట్టి, ఒకసారి చెప్పిన జవాబును ఏవీసీ అనే కాష్‌లో దాచుకుంటుంది.

వచ్చింది రూటా కాదా అన్న ప్రశ్న ఆ నాలుగింట్లో లేదు. రస్సెల్ కోకర్ అనే ఆయన తన మిషను రూట్ పాస్‌వర్డ్‌ను లోకానికంతా ఇచ్చి, రండి ప్రయత్నించండి అన్నాడు. ఆ ధైర్యం ఇక్కడినుంచి వచ్చిందే.

జూన్ 15

1972లో ఆండర్సన్ రిపోర్టు ఇలాంటి కాపలా గురించి అమెరికా వైమానిక దళానికి చెప్పిన మూడు షరతులు ఇప్పటికీ కదలలేదు. కాపలా ప్రతిసారీ పనిచేయాలి, దాన్నెవరూ చెరపలేకుండా ఉండాలి, పూర్తిగా చదివి సరిచూడగలిగేంత చిన్నదిగా ఉండాలి. మూడోది ఈనాటి లైనక్స్ కెర్నల్ తీర్చలేదు. అది కోట్ల వరసల కోడ్. అందులో ఎక్కడ కన్నం పడినా, అదే కెర్నల్‌లో ఉన్న కాపలా కూడా పోతుంది. పిల్లలకు ఇది దాచకూడదు.

జూన్ 18, మదనపల్లె

లైబ్రరీలో చరిత్ర వెతుకుతూ సాయంత్రమైంది. మొదట్లో ఇదంతా సైన్యం గోల. 1973 నాటి బెల్-లాపడులా నమూనాలో కిందివాడు పై రహస్యం చదవకూడదు, పైవాడు కిందికి రాయకూడదు. చెప్పినంత సులభం కాదు. కాకినాడలో ఇంజినీరింగ్ చదివి అమెరికాలో ప్రొఫెసరైన విజయలక్ష్మి అట్లూరి ఇలాంటి అంతస్తుల డేటాబేస్‌ల మీద ఎంతో పని చేశారు. అక్కడి చిక్కు నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది: పై అంతస్తువాడు వేసిన తాళం కోసం కిందివాడు ఆగాల్సి వస్తే, ఆ ఆగడమే ఒక కబురు. ఒక్క అక్షరం చదవకుండానే రహస్యం కారిపోతుంది.

మనలాంటివాళ్లకు పనికొచ్చింది టైప్ ఎన్‌ఫోర్స్‌మెంట్. ఇందులో ఏ ప్రోగ్రాముకైనా దాని పనికి కావలసినంతే అనుమతి. అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2000 డిసెంబరులో ఈ పద్ధతితో కట్టిన ఎస్‌ఈలైనక్స్‌ను కోడ్‌తో సహా బయటపెట్టింది. తర్వాతి ఏడాది దాన్ని కెర్నల్‌లో చేర్చుకోమంటే లైనక్స్ కర్త లైనస్ టోర్వాల్డ్స్ ఒక్క పద్ధతికే కట్టుబడనన్నాడు, ఎవరి మాడ్యూల్ వాళ్లు తగిలించుకునే ఏర్పాటు అడిగాడు. హుక్‌లు అట్లా పుట్టినవే. 2003 చివర 2.6 కెర్నల్‌తో రెండూ వచ్చాయి. స్మాక్, యాప్‌ఆర్మర్ అనే మాడ్యూళ్లు ఆ తర్వాత అదే గడప మీద కూర్చున్నాయి.

జూన్ 21

టమాటా మార్కెట్ మీదుగా వచ్చాను. వేలం నడుస్తోంది, ప్రతి చేతిలో ఆండ్రాయిడ్ ఫోను. ఎన్‌ఎస్‌ఏలో మొదలైన ఆ కోడ్ ఈ జేబుల్లోనే పనిచేస్తోంది. 2013లో ఆండ్రాయిడ్ 4.3లో అది ఊరికే చూస్తూ రాసుకునేది. 4.4లో కొన్ని కీలకమైన సర్వీసులను నిజంగా ఆపడం మొదలుపెట్టింది. 2014లో 5.0తో మొత్తం ఫోను దాని కిందికి వచ్చింది.

అవసరం ఎట్లా వచ్చిందో 2011 నాటి జింజర్‌బ్రేక్ దాడి చూస్తే తెలుస్తుంది. మెమరీ కార్డులు చూసుకునే వోల్డ్ అనే సర్వీసు రూట్‌గా నడిచేది. కెర్నల్ నుంచి రావాల్సిన సందేశం మామూలు యాప్ నుంచి వచ్చినా నమ్మేది, అట్లా ఫోను చేజారేది. స్టీఫెన్ స్మాలీ, రాబర్ట్ క్రెయిగ్ 2013 పేపర్లో చూపించింది ఇదే: యాప్ లేబుల్‌కు ఆ సందేశం పంపే రకం సాకెట్ తెరిచే అనుమతే లేకపోతే, వోల్డ్‌లో తప్పు అట్లాగే ఉన్నా దాడి ముందుకు కదలదు.

జూన్ 24, నిమ్మనపల్లె

పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైలు వాట్సాప్‌లో తిరుగుతోంది. పక్కింటి అత్త ఫోనుకూ వచ్చింది. నొక్కకముందే అడిగింది, బతికిపోయాం.

ఆ యాప్ దిగినా అన్‌ట్రస్టెడ్ యాప్ లేబుల్‌తోనే నడుస్తుంది. బ్యాంకు యాప్ ఫైళ్లు తెరవలేదు, కెమెరా డివైసును నేరుగా ముట్టలేదు. దానికవి అక్కర్లేదు కూడా. మెసేజీలు చదవనిస్తావా అని మర్యాదగా అడుగుతుంది. అనుమతించు అన్న చోట వేలు పడితే ఓటీపీ దాని చేతిలో ఉంటుంది. ఈ ప్రశ్న పైపొరది, జవాబు యజమానిది, కెర్నల్‌కు అందులో జోక్యం లేదు. నా బాధ అక్కడే. కింద అంత గట్టి కాపలా కట్టి, పైన సొమ్మంతా ఒక్క వేలికి వదిలేశాం. ఊళ్లోవాళ్లకు తెలివి లేదనే మాట నేను ఒప్పుకోను. పట్టాదారు ఎదుట కూర్చునే అప్పులవాడి లాంటివాడే ఇక్కడా ఉన్నాడు, కంటికి కనబడడు, అంతే.

జూన్ 27

ల్యాబ్‌లో ఒక పిల్లవాడు వెబ్ పేజీని ఇంటి ఫోల్డరులోంచి సర్వరు ఫోల్డరుకు జరిపాడు. అనుమతులన్నీ తెరిచాడు. అయినా పేజీ రాదు. "రూట్‌గా నడుస్తున్నా కాదంటోంది సార్" అని ఎస్‌ఈలైనక్స్‌నే ఆపేయబోయాడు. ఆగమని, ఆడిట్ లాగ్ చదివించాను: వెబ్ సర్వరు లేబుల్ ఇది, ఫైలు లేబుల్ ఇంటి ఫైలుది, చదవడం నిరాకరించాం. ఎంవీ కమాండుతో జరిపితే ఫైలు పాత లేబుల్‌తోనే వస్తుంది. కాపీ చేస్తే మామూలుగా కొత్త చోటి లేబుల్ పడుతుంది. లేబుల్‌ను ఆ చోటికి సరిచేసే రిస్టోర్‌కాన్ కమాండు కొట్టగానే పేజీ వచ్చింది. కాదన్నప్పుడు ఎందుకు కాదన్నదో రాసిపెట్టే కాపలా ఇది. ఆ రాత చదవకుండా దాన్ని ఆపేసే అలవాటు మన కాలేజీల్లో పోవాలి.

జూన్ 29

2023లో ఆ 1977 భూముల చట్టాన్ని సవరించారు. పట్టా వచ్చి 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. రైతుకు ధర వస్తుంది, పాత ఒత్తిడీ తిరిగి వస్తుంది. నాకు రెండూ కనిపిస్తున్నాయి. కానీ సవరణ శాసనసభలో జరిగింది, ఎవరైనా చదవచ్చు. ఫోనులో పాలసీ రాసేది గూగుల్, ఆ పైన ఫోను కంపెనీ. కంపెనీ చేర్చిన భాగాన్ని కొన్నవాడు చూడనే చూడడు. గూగుల్ రాసిన భాగం మాత్రం బహిరంగంగానే ఉంది. అందులో నెవర్‌అలౌ అనే వాక్యాలున్నాయి. ఎవరు ఏ అనుమతి చేర్చినా వీటిని దాటకూడదు, దాటితే ఆ ఫోను ఆండ్రాయిడ్ పరీక్ష నెగ్గదు. యాప్‌లు ఆ వోల్డ్ నాటి రకం సాకెట్‌ను ముట్టకూడదన్న వాక్యమూ వాటిలో ఒకటి. సోమవారం పిల్లలతో ముందు ఆ ఫైళ్లే చదివించాలి, అనుమతులు తర్వాత.