కింది మెట్టు

హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగం మానేసి జిల్లా కాలేజీలో పాఠాలు చెబుతానంటే నాన్న మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనకు హెర్బ్ బ్రూక్స్ కథ చెప్పాను. 1980 ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టును ఓడించిన అమెరికా ఐస్ హాకీ కోచ్ ఆయన. తర్వాత ప్రొఫెషనల్ జట్టు న్యూయార్క్ రేంజర్స్‌కు కోచ్ అయ్యారు. 1985లో అక్కడ ఉద్వాసన. మరుసటి ఏడాది మిన్నెసోటాలో, కింది డివిజన్‌లో ఆడుతున్న సెయింట్ క్లౌడ్ స్టేట్ యూనివర్సిటీ జట్టు బాధ్యత తీసుకున్నారు. అది పై డివిజన్‌కు ఎదగడానికి, కొత్త రింక్ కట్టడానికి బాట వేశారు. 2013లో ఆ రింక్‌కు ఆయన పేరే పెట్టారు.

అంతా విని నాన్న అడిగారు: "ఆయన అక్కడ ఎన్నేళ్లున్నాడు?"

"ఒక్క ఏడాది."

"మరి నువ్వు?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. పదేళ్లయింది. ఇంకా ఇక్కడే ఉన్నాను.