గ్లిజరాల్ లేని ప్లేటు

2024 జూన్ 3, సోమవారం

స్క్రీనింగ్ ఫలితాలొచ్చాయి. రెండు కాంపౌండ్ సీరీస్‌లు మిగిలాయి. ఒకదాని ఎమ్‌ఐసీ, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు, అర మైక్రోమోలార్ కంటే తక్కువ. రెండోది నాలుగు దగ్గర ఆగింది, పెద్దగా ఊరించేదేం కాదు. కెమిస్ట్ కుర్రాడు మొదటి సీరీస్ ప్లేటు ఫొటో తీసుకుని క్యాంటీన్‌లో అందరికీ చూపిస్తున్నాడు. రెజాజురిన్ రంగు బ్యాక్టీరియా బతికున్నచోట గులాబీ అవుతుంది, చచ్చినచోట నీలంగానే ఉండిపోతుంది. అతని ప్లేటు నిండా నీలమే.

“ఎలుకల్లో ఎప్పుడు పెడదాం మేడమ్?”

“ముందు ఇంకో ప్లేటు చూద్దాం.”

మొహం మాడ్చుకున్నాడు. ఎలుకల ప్రయోగమంటే మాటలు కాదు. గాలి ద్వారా ఇన్‌ఫెక్షన్ ఎక్కించాలి, అది ఊపిరితిత్తుల్లో కుదురుకోవాలి, నాలుగు వారాలు మందు పట్టాలి. ఆ తర్వాత ఊపిరితిత్తులు నూరి అగార్ మీద పరిచి, కాలనీలు కనబడేదాకా మరో మూడు వారాలు కాచుకోవాలి. క్షయ బ్యాక్టీరియా ఒకటి రెండవడానికే ఇరవై గంటల దాకా పడుతుంది. మన తొందర దానికి పట్టదు.

జూన్ 6, గురువారం

ఆ ఇంకో ప్లేటు ఏమిటో ఇవాళ బోర్డు మీద గీసి చెప్పాను.

మేం వాడే మిడిల్‌బ్రూక్ మీడియాలో గ్లిజరాల్ ఉంటుంది, మందుల షాపులో గ్లిజరిన్ అని అమ్మేదే. 1887లో ఫ్రాన్సులో నోకార్, రూ అనే ఇద్దరు, అది కలిపితే క్షయ బ్యాక్టీరియా ఏపుగా పెరుగుతుందని గమనించారు. అప్పట్నుంచీ వేస్తూనే ఉన్నాం. మన ఒంట్లో మాత్రం దాని ప్రధానమైన తిండి కొవ్వు ఆమ్లాలు, కొలెస్టరాల్. ల్యాబ్‌లో ఒక తిండి మీద పెరిగిన జీవిని చంపి, రోగిలో వేరే తిండి మీద బతికే జీవికి మందు దొరికిందంటే ఎలా?

సింగపూర్‌లోని నోవార్టిస్ ట్రాపికల్ డిసీజెస్ సంస్థ వాళ్ల 2010 పేపరు ప్రింటు తీసి చేతికిచ్చాను. వాళ్ల పిరిమిడిన్-ఇమిడజోల్ కాంపౌండ్లు ప్లేటులో బ్రహ్మాండంగా చంపాయి, ఎలుకలో ఏమీ చేయలేదు. ఆ మందు తగిలిన బ్యాక్టీరియాలో గ్లిజరాల్ ఫాస్ఫేట్ పేరుకుపోయి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అడుగంటి చచ్చిందని తేలింది. గ్లిజరాల్ తినకపోతే బతికేదే. ఒక ఓటమిని కారణంతో సహా అచ్చులో పెట్టారు. అలాంటి పేపర్లు ఎంత అరుదో ఈ కుర్రాడికి ఇంకా తెలీదు.

జూన్ 14, శుక్రవారం

కొలెస్టరాల్ మీడియా తయారీ నాదే. నీళ్లలో ససేమిరా కరగదు. టైలాక్సపాల్, ఆల్కహాల్ సమపాళ్లలో కలిపి, ఎనభై డిగ్రీల వేడి మీద కరిగించి, వెచ్చటి మీడియాలోకి బొట్టు బొట్టుగా వదలాలి. మైసూర్‌పాక్‌లో నెయ్యి పోసేటప్పుడు ఉండే జాగ్రత్తే. మామూలుగా వాడే ట్వీన్-80 ఇక్కడ పనికిరాదు, దాంట్లోని ఓలియిక్ ఆమ్లాన్ని కూడా తినేస్తుందీ జీవి.

మధ్యాహ్నమంతా బీఎస్‌ఎల్-3 భద్రతా ల్యాబ్‌లో. మాస్కు బిగించాక కళ్లద్దాల మీద ఆవిరి. కల్చర్ ఈ కొత్త తిండికి అలవాటు పడేదాకా ఆగాలి. ఈలోగా మొదటి సీరీస్‌కి లొంగని మ్యూటెంట్ల కోసం అగార్ ప్లేట్లు కూడా వేసి వచ్చాను.

జూలై 11, గురువారం

కొలెస్టరాల్ ప్లేటులో మొదటి సీరీస్ వరసలన్నీ గులాబీ రంగే. యాభై మైక్రోమోలార్ దగ్గర కూడా బ్యాక్టీరియా హాయిగా బతికుంది. రెండో సీరీస్ నాలుగు దగ్గర ఉన్నది నాలుగు దగ్గరే ఉంది.

మీటింగులో సర్ అడిగారు: “అర మైక్రోమోలార్‌ది వదిలేసి నాలుగున్నదాన్ని పట్టుకుంటామంటారా?”

“నాలుగుని ఒకటికి దింపడం కెమిస్ట్రీతో అయ్యే పని సర్. రోగి ఊపిరితిత్తుల్లో గ్లిజరాల్ నింపడం మన వల్ల కాదు.”

ఎవరో నవ్వారు. కుర్రాడు నవ్వలేదు. ఆ మొదటి సీరీస్ మాలిక్యూళ్లు ఒక్కోటీ అతని చేత్తో కట్టినవే.

జూలై 14, ఆదివారం

నిన్న సాయంత్రం కుర్రాడు ఫోన్ చేసి “ప్లేటు మీద నమ్మకమే పోయింది మేడమ్” అన్నాడు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ రాసుకుంటే రేపు చెప్పడం తేలిక.

పైరజినమైడ్ సంగతి. ఇవాళ ఊళ్లో ప్రతి డాట్స్ సెంటర్‌లోనూ ఉండే మందు. మామూలు మీడియాలో, మామూలు పీహెచ్ దగ్గర క్షయ బ్యాక్టీరియాను అదేమీ చేయదు. 1952లో అమెరికాలో లెడర్లే కంపెనీ వాళ్లు నేరుగా ఎలుకల్లో చూశారు, పనిచేసింది. మీడియా ఆమ్లంగా ఉంటేనే దాని పదును బయటపడుతుందని ఆ తర్వాత తెలిసింది. తొమ్మిది నెలల వైద్యాన్ని ఆరు నెలలకు కుదించింది అదే. నా స్క్రీనింగ్‌లో ఎదురైతే మొదటిరోజే పక్కన పడేసేదాన్ని.

అదే లెడర్లేలో అంతకు ఐదేళ్ల ముందు మన భీమవరం వాడు, యల్లాప్రగడ సుబ్బారావు, తన బృందంతో డైఇథైల్ కార్బమజైన్ తెచ్చాడు. బోదకాలు మందు. మైక్రోఫైలేరియాను గాజు గిన్నెలో వేసి మామూలు మోతాదులో ఆ మందు పోస్తే నిక్షేపంగా ఈదుతుంటాయి. వాటిని తుడిచిపెట్టడానికి రోగి ఒంట్లోని రక్షణ వ్యవస్థ కూడా చెయ్యి కలపాలి. వాళ్లు ఇన్‌ఫెక్షన్ ఉన్న కాటన్ ఎలుకల్లో వెతికారు కాబట్టి దొరికింది. అమ్మమ్మ ఎడమకాలు బోదకాలు, ఎవరైనా ఇంటికొస్తే కుచ్చిళ్లు కిందికి లాక్కుని కూచునేది. ముదిరిన వాపును ఆ మందు తీసేయలేదు. కానీ తర్వాతి తరానికి మాత్రలు పంచుతూ వీధుల్లోకి వచ్చినవాళ్ల సంచుల్లో ఉన్నది అదే.

ప్లేటు అబద్ధం చెప్పదు, అడిగినదానికే జవాబిస్తుంది. గ్లిజరాల్ పోసి అడిగితే గ్లిజరాల్‌లో సంగతి చెబుతుంది. ఎలుకైనా అంతే, దాని ఊపిరితిత్తి మనిషిది కాదు. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదేమైనా ఉంటే, ఏ మాలిక్యూల్‌ని ఏ పరిస్థితిలో నిలబెట్టి అడగాలన్నదే.

ఆగస్టు 23, శుక్రవారం

మ్యూటెంట్ల సీక్వెన్స్ వచ్చింది. అనుకున్న చోటే: గ్లిజరాల్ కైనేజ్ జన్యువు విరిగిపోయి ఉంది. గ్లిజరాల్ వాడుకోవడం మానేసి బతికిపోయాయన్నమాట. మొదటి సీరీస్ ఫైలు మూసేశాం.

సాయంత్రం అప్రైజల్ ఫారం ముందేసుకు కూచున్నాను. “ఈ ఏడాది సాధించినవి” అని ఒక గడి. ఇన్నేళ్లలో నా చేతి మీదుగా వెళ్లిన కాంపౌండు ఏదీ మందుల షాపు దాకా రాలేదు. మా రంగంలో చాలామంది అలాగే రిటైరవుతారు. ఆ గడిలో ఇలా రాశాను: “ఒక సీరీస్‌ను ఎలుకల ప్రయోగానికి ముందే ఆపాం. ఎందుకు పనికిరాదో జన్యువు దాకా చూపించాం. రెండో సీరీస్‌కు దారి ఇచ్చాం.” ఫారం చూసినాయన “కాస్త పాజిటివ్‌గా మార్చండి మేడమ్” అన్నాడు. మార్చలేదు. కుర్రాడు దీన్నంతా పేపరుగా రాస్తానంటున్నాడు, మొదటి పేరు అతనిదే.

సెప్టెంబర్ 7, శనివారం, వినాయక చవితి

నిన్న కేంద్ర ఆరోగ్య శాఖ బీపాల్‌ఎమ్‌కు ఆమోదం తెలిపింది. బెడాక్విలిన్, ప్రెటోమనిడ్, లినెజోలిడ్, మాక్సీఫ్లాక్సాసిన్: ఈ నాలుగూ ఆరు నెలలు. మొండి టీబీకి ఇరవై నెలల దాకా లాగిన వైద్యాన్ని తలుచుకుంటే ఎంత తేడా! పత్రి సర్దుతూ అమ్మ అడిగింది, “అందులో నీ మందేమైనా ఉందా?” లేదన్నాను. “సర్లే, ఉండ్రాళ్లు ఆరిపోతున్నాయి” అంది.

బెడాక్విలిన్‌ని అసలు క్షయ బ్యాక్టీరియా మీద వెతకలేదు. కోయెన్ ఆండ్రీస్ బృందం, రోగం తేని దాని చుట్టం స్మెగ్మాటిస్ మీద స్క్రీన్ చేసింది. 2005లో పేపరు, 2012 డిసెంబర్‌లో అమెరికా అనుమతి. మా లెక్కన అది తప్పు జీవి మీద అడిగిన ప్రశ్న. అయినా గెలిచిందెందుకంటే ఆ మందు పట్టుకునేది ఏటీపీ సింథేజ్‌ని. గ్లిజరాల్ తిన్నా కొలెస్టరాల్ తిన్నా ఏటీపీ చేసుకోకుండా క్షయ బ్యాక్టీరియా బతకలేదు. రెండో సీరీస్ కూడా అలాంటి చోట ఎక్కడో తగులుతుండాలి. మ్యూటెంట్లు రాగానే తెలుస్తుంది.

పూజయ్యాక కుర్రాడు పంపిన కొత్త అనలాగ్‌ల జాబితా చూశాను. అణుభారం అయిదువందలు దాటినవాటిని, లాగ్‌పీ (కొవ్వులో కరిగే గుణానికి కొలత) అయిదు దాటినవాటిని అలవాటుగా కొట్టేశాను. ఈ హద్దులు పెట్టిన లిపిన్‌స్కీ నియమాలు 1997 నుంచి మా రంగంలో అందరికీ కంఠతా. తర్వాత తట్టింది, బెడాక్విలిన్ అణుభారం 555, లాగ్‌పీ ఏడు పైన. ఈ పెన్ను దాన్నీ కొట్టేసి ఉండేది. కొట్టేసినవాటిలో ఎమ్‌ఐసీ తగ్గే అవకాశం కనబడ్డ రెంటిని తిరిగి చేర్చి, “వీటినీ చెయ్యి, గుండె మీద ప్రభావం, లివర్ మైక్రోజోమ్స్ ముందే చూద్దాం” అని మెయిల్ పెట్టాను. పండగపూట కూడా రెండు నిమిషాల్లో జవాబు: “సోమవారమే మొదలుపెడతా మేడమ్.”