గెడ్డ దూకిన చోటు

మేము జన్మించినది దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతంలో. 1860లో మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది. నాటి నుండి 1911 వరకు ఎందరో ఒప్పంద కూలీలుగా అక్కడి చెరకు తోటలకు వచ్చారు. మా నాయనమ్మ తల్లిదండ్రులు వారిలోని వారే. వారి గ్రామం పేరు మా ఇంట ఎవరికీ జ్ఞాపకం లేదు.

చిన్నతనంలో ఒకసారి నాయనమ్మతో హోవిక్ జలపాతం చూడటానికి వెళ్ళాము. ఉమ్‌గేని నది అక్కడ సుమారు 95 మీటర్ల ఎత్తు నుండి పడుతుంది. “చూడండర్రా, గెడ్డ ఎలా దూకుతోందో!” అన్నది నాయనమ్మ. మా ఇంటి తెలుగులో జూలూ మాటలు కొన్ని కలిసి ఉండేవి. ‘గెడ్డ’ కూడా అటువంటిదే అనుకున్నాము. పెద్దవారమై, ఉపాధ్యాయులమైన తరువాత, అతిథుల ఎదుట ఆమె ఆ మాట అంటే సిగ్గుపడి ‘నది’ అనమని దిద్దాము. ఆమె మారు పలుకలేదు. మా ఎదుట ఆ మాట మరల అనలేదు.

పదవీ విరమణ చేసి, అమెరికాలో పిల్లల వద్దకు వచ్చిన తరువాత, దేవాలయంలోని సాయంకాల తరగతిలో తెలుగు అక్షరాలు దిద్దుకున్నాము. గురువుగారు ఒకనాడు నయాగరాపై వ్యాసం వ్రాయమన్నారు. భూగోళశాస్త్రం బోధించిన మాకు అది ఇష్టమైన విషయమే.

నయాగరాలో పైపొర గట్టి డోలోమైట్ శిల. దాని క్రింద మెత్తని షేల్ పొరలు ఉన్నాయి. పడే నీటి తాకిడికి, తుంపరలకు, చలికాలపు మంచుకు క్రింది పొర ముందుగా అరిగిపోతుంది. ఆధారం లేని పైశిల కొంతకాలం చూరువలె ముందుకు నిలిచి, ఒకనాడు విరిగి పడుతుంది. 1954లో అమెరికా వైపున ప్రాస్పెక్ట్ పాయింట్ వద్ద అట్లే పెద్ద భాగం కూలింది. 1969లో ఇంజనీర్లు మట్టికట్ట వేసి, అమెరికన్ జలపాతానికి నీరు ఆపి, రాతిని పరీక్షించారు. ఈ విధంగా కూలుతూ, సుమారు 12,000 సంవత్సరాలలో నయాగరా 11 కిలోమీటర్లు ఎగువకు జరిగింది. నీరు ముందుకే పారుతుంది. జలపాతం మాత్రం తన నది పుట్టిన దిక్కుకు వెనుకకు నడుస్తుంది.

ఆ వ్యాసంలో అలవాటుగా ‘గెడ్డ’ అని వ్రాసి, వెంటనే కొట్టివేశాము. గురువుగారు ఆ కొట్టివేత చూసి, “ఎందుకు కొట్టివేశారు?” అని అడిగారు. అది తెలుగు కాదన్నాము. ఆయన నవ్వి, “మాది విజయనగరం జిల్లా అండీ. మా వైపు కొండవాగును గెడ్డ అనే అంటాము. ఆ ప్రాంతంలో పెద్దగెడ్డ జలాశయం కూడా ఉంది” అన్నారు.

మాకు నోట మాట రాలేదు. గ్రామం పేరు నేటికీ తెలియదు. అయినా మా పెద్దలు ఏ వైపు వారో ఆ ఒక్క మాట చెప్పింది. అంతకాలం దానిని భద్రపరచిన నాయనమ్మను మేము దిద్దాము. క్షమాపణ చెప్పుటకు ఆమె లేదు.

మీ ఇంట పెద్దలు వింతగా ఏదైనా మాట అంటే, దిద్దకండి. ముందు వ్రాసుకోండి. మా వ్యాసంలో కొట్టివేసిన చోట ‘గెడ్డ’ అని మరల వ్రాసి ఇచ్చాము.